భయానక గేమ్ సిరీస్‌లో కథనాన్ని ఎట్లా తూచాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో, రామగిరి దగ్గర ఒక ఇంటి మేడమీది గదిలో, కొన్నేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు ఏడెనిమిది మందిమి కూడి భయానక వీడియో గేమ్‌లు ఆడుతున్నాం. నేను జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. మిగిలినవారిలో ఎక్కువమంది నా పాత విద్యార్థులే. దేవరకొండ, నకిరేకల్, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాల్లో కుదురుకున్నవారు. ఆట రెండు గంటలైతే వాదన మూడు గంటలు సాగుతుంది. “కథ బాగుంది” అన్న ఒక్క మాటను ఎనిమిది మంది ఎనిమిది అర్థాల్లో వాడుతున్నారని గమనించిన తరువాత, ఆ గదిలో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు నా సమాధానాలను రాసి పెట్టాలనిపించింది. ఉదాహరణలు ఎక్కువగా కొనామి సంస్థవారి సైలెంట్ హిల్ సిరీస్ నుంచి తీసుకున్నాను, ఎందుకంటే ఇరవై ఐదేళ్లకు పైగా సాగిన ఆ సిరీస్‌లో చాలా గొప్ప కథనమూ, చాలా పేలవమైన కథనమూ పక్కపక్కనే దొరుకుతాయి. కథల గుట్టు విప్పకుండా ఈ చర్చ సాగదు. ఆ గేమ్‌లను ముందు ఆడదలచుకున్నవారు ఆడి వచ్చి చదవడం మంచిది.

గేమ్ కథను తూచడానికి నవలకూ సినిమాకూ వాడే తూనికరాళ్లు చాలవా?

కొంతవరకు చాలుతాయి. పాత్రల నడతకు పొందిక ఉందా, జరిగినదానికి కారణం ఉందా, మాట సహజంగా ఉందా అన్నవి ఏ కథనైనా అడగవలసిన ప్రశ్నలే. అయితే నవల చదివేవారు పుట తిప్పడం తప్ప మరేమీ చేయరు, సినిమా చూసేవారు అదీ చేయరు. గేమ్‌లో మాత్రం తలుపు తెరిచేదీ, మిగిలిన తూటాలు లెక్కపెట్టుకునేదీ, ఎదురైనదాన్ని కొట్టాలా తప్పించుకుని పోవాలా అని తేల్చుకునేదీ ఆడేవారే. కథ చెప్పే పనిలో సగం చేతుల మీదుగా జరుగుతుంది. ఆ చేతులు చేసే పనీ, పాత్రల నోటివెంట వచ్చే మాటా ఒకే సంగతిని చెబుతున్నాయా అన్నది నా మొదటి కొలత.

2004లో వచ్చిన సైలెంట్ హిల్ 4లో హెన్రీ టౌన్‌షెండ్ అనే యువకుడు తన అపార్ట్‌మెంటులోని 302వ నంబరు గదిలో చిక్కుకుపోతాడు. తలుపుకు లోపలి వైపు నుంచే గొలుసులు బిగించి ఉంటాయి. సగం ఆట వరకు, బయటి పీడలోకాల నుంచి దెబ్బలు తిని గదికి తిరిగి వస్తే చాలు, ఒంట్లో బలం దానంతట అదే తిరిగి వస్తుంది. ఆ తరువాత ఒకానొక దశలో గది మనల్ని నయం చేయడం మానేస్తుంది, మెల్లగా గదిలోకే దయ్యాలు చొరబడతాయి. “ఇక నీ ఇల్లు నిన్ను కాయదు” అని ఏ పాత్రా చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు. ఈ ఒక్క ఏర్పాటు కోసం ఆ గేమ్ రెండో సగంలోని లోపాలను, చూసిన చోట్లకే మళ్లీ తిప్పే ఆ బద్ధకాన్ని కూడా, నేను చాలావరకు క్షమిస్తాను.

ఇంకో జంటను చూడండి. 2001 నాటి ఫేటల్ ఫ్రేమ్‌లో దయ్యాన్ని ఎదిరించే ఏకైక సాధనం ఒక పాత కెమెరా. దయ్యం ఎంత దగ్గరికి వస్తే, మనం ఎంత నిబ్బరంగా దాని ముఖంలోకి చూస్తే, దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. 2010 నాటి ఆమ్నీషియా: ద డార్క్ డిసెంట్‌లో దీనికి సరిగ్గా తలకిందులు, వికృతరూపాన్ని తేరిపార చూస్తే కథానాయకుడు డానియెల్ మతి చెదురుతుంది. ఆ డానియెల్ తాను చేసిన పనులు తనకే గుర్తుండకూడదని మందు తాగి మరిచిపోయినవాడు. అతని కథకు చూపు తిప్పుకోవడమే తగిన చేత. చనిపోయినవారి గోడు ఎవరో ఒకరు కళ్లారా చూడాలనే కథకు కెమెరాయే తగిన ఆయుధం. సంస్కృత అలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యం, అంటే తగినదానికి తగినది, అన్నది ఇటువంటి కూర్పునేనని తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీలవారు కూడా తల ఎత్తారు.

బాగా భయపెట్టిందంటే కథ బాగున్నట్టే కదా?

కాదు. మనవాళ్లు రసాలను లెక్కించినప్పుడు భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరుగా పెట్టారు: ఒకదానికి స్థాయిభావం, అంటే మనసులో నిలిచే మూలభావం, భయం, రెండోదానికి జుగుప్స. నెత్తురూ పేగులూ తెరనిండా చూపే గేమ్ బీభత్సాన్ని పుట్టించవచ్చు, భయాన్ని పుట్టించకపోవచ్చు. వీటికి తోడు ఉలికిపాటు అనేది మరొకటి ఉంది, అది రసం దాకా రాదు. కిటికీ అద్దం పగలగొట్టుకుని కుక్కలు లోపలికి దూకే దృశ్యం 1996 నాటి మొదటి రెసిడెంట్ ఈవిల్‌లో ప్రసిద్ధం. అది ఉలికిపాటే అయినా మంచి ఉలికిపాటు, ఎందుకంటే ఆ తరువాత ఆ భవంతిలో ఏ కిటికీ పక్కనుంచి నడిచినా మనసు బిగుసుకుంటుంది. ఒక్క క్షణం చేసిన పని గంటలపాటు నిలిచింది. అర నిమిషంలో ఆవిరైపోయే కేకలను మాత్రం కథనం లెక్కలో వేయకూడదు. చీకట్లో వెనకనుంచి వచ్చి “భౌ” అన్న తమ్ముణ్ణి చూసి మనం ఉలిక్కిపడతాం కాని, వాణ్ణి కథకుడు అనం.

సైలెంట్ హిల్ 2ను అందరూ అంతగా ఎందుకు పొగుడుతారు?

ఆ గదిలో నేను అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఈ ప్రశ్నకే కనుక, ఇక్కడా కొంత ఓపిక పట్టాలి.

2001లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన ఈ గేమ్‌లో జేమ్స్ సండర్‌లాండ్‌కు భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది: మనకు ప్రత్యేకమైన ఆ చోట నీ కోసం ఎదురుచూస్తున్నానని. మేరీ జబ్బుచేసి మూడేళ్ల కిందటే చనిపోయింది. అయినా అతడు సైలెంట్ హిల్ అనే ఆ ఊరికి వస్తాడు. పొగమంచులో మునిగిన ఆ ఊళ్లో ఎదురయ్యే వికృతరూపాలు ఊరివి కావు, అతనివే: ఆసుపత్రి నర్సుల ఆకారాలు, తన చర్మంలోనే చుట్టుకుపోయి చేతులు కదపలేని ఆకారం, పెద్ద త్రికోణపు ఇనుప శిరస్త్రాణంతో కత్తి ఈడ్చుకుంటూ వచ్చే పిరమిడ్ హెడ్. చివరికి తేలేది ఏమిటంటే, మేరీని దిండుతో ఊపిరాడకుండా చేసి చంపినది జేమ్సే. మూడేళ్ల కిందట ఆమెకు సోకింది జబ్బు, చావు ఇటీవలిది. తనను శిక్షించడానికి ఎవరైనా కావాలని అతని మనసే కోరుకుంది, అందుకు పుట్టినవాడు పిరమిడ్ హెడ్. ఆ సంగతి గ్రహించానని జేమ్స్ చెప్పిన తరువాత, ఇక తమతో పని లేదన్నట్టు ఆ శిక్షకులు తమను తామే పొడుచుకుని చస్తారు.

దీనిలో భయం అంగం మాత్రమే, అంగిరసం, అంటే ప్రధాన రసం, కరుణం. ఏళ్ల తరబడి మంచాన పడిన మనిషికి సేవ చేసిన ఇంట్లో ప్రేమా, విసుగూ, ఎప్పుడు ముగుస్తుందా అనే పైకి చెప్పుకోలేని ఆలోచనా ఒకే పక్క మీద ఎట్లా పడుకుంటాయో తెలిసినవారికి ఈ కథలోని దయ్యం ఎవరో వేరే చెప్పనక్కరలేదు. నల్లగొండలోనైనా, మరో చోటనైనా ఇటువంటి ఇళ్లు లేని వీధి ఉండదు.

ఇక చేతుల సంగతి. ఈ గేమ్ ముగింపును ఎంచుకోమని మనల్ని అడగదు. మనం ఎట్లా ఆడామో కనిపెట్టి తేలుస్తుంది. ఒంటిమీది దెబ్బలకు మందు వేసుకోకుండా చాలాసేపు తిరిగినా, ఏంజెలా అనే అమ్మాయి అప్పగించిన కత్తిని సంచిలోంచి తీసి పదే పదే చూసినా, జేమ్స్ చావును కోరుకుంటున్నాడని లెక్క కట్టి, అతడు నీటిలో మునిగే ముగింపు వైపు నడిపిస్తుంది. మేరీ ఫొటోనూ ఉత్తరాన్నీ తరచు తీసి చూసినవారికి మరొక ముగింపు, మేరీ పోలికలతో ఎదురయ్యే మరియాను అంటిపెట్టుకుని కాపాడినవారికి ఇంకొకటి. మొదటిసారి ఆడేటప్పుడు ఈ లెక్క జరుగుతోందని మనకు తెలియదు. ఇక ఆ ఉత్తరం: కథ సాగుతుండగా సంచిలో తీసి చూస్తే ఒక దశలో అక్షరాలు మాయమై తెల్ల కాగితం మిగులుతుంది, తరువాత ఆ కాగితమూ ఉండదు. మళ్లీ తీసి చూడనివారికి ఇది ఎప్పటికీ తెలియదు. చెప్పకుండా చెప్పడాన్ని ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు; ఖాళీ అయిన ఉత్తరం కంటే మంచి ఉదాహరణ ఆటల్లో నాకు ఇంతవరకు దొరకలేదు.

కథ అర్థం కాకపోతే లోపం కథదా, నాదా?

రెండూ కావచ్చు. తేల్చుకోవడానికి మా ఊరి పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం నాకు బాగా పనికివచ్చింది. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. చిన్నప్పుడు దాన్ని చూసి నోరు తెరిచాం. పెద్దయిన తరువాత, బయటి స్తంభాల మధ్యనుంచి వేరువేరు దిక్కుల వెలుతురు లోపలికి చేరే తీరులో ఆ నీడ పుడుతుందని విన్నాం. అది విన్న తరువాత నాకు ఆ గుడి తగ్గలేదు, పెరిగింది. ఏ స్తంభాన్ని కాస్త జరిపినా ఆ నీడ ఉండదని ఇప్పుడు తెలుసు.

మంచి అస్పష్టత అటువంటిది. గుట్టు తెలిశాక వెనక్కి వెళ్లి చూస్తే, అంతకుముందు వింతగా తోచినవన్నీ తమ తమ చోట్ల స్తంభాల్లా నిలిచి కనిపిస్తాయి. 1999 నాటి మొదటి సైలెంట్ హిల్‌లో హ్యారీ మేసన్ తప్పిపోయిన కూతురు షెరిల్ కోసం వెతుకుతుంటాడు. అలెస్సా అనే బాలికను ఆమె తల్లే ఒక మూఢమత క్రతువు కోసం కాల్చివేసిందని తెలిసిన తరువాత, బడి, ఆసుపత్రి, తుప్పు పట్టిన గోడలు ఒక పిల్ల పీడకలగా కుదురుకుంటాయి. చెడ్డ అస్పష్టతలో గుట్టు తెలిశాక కూడా వింతలు వింతలుగానే చెల్లాచెదరుగా పడి ఉంటాయి, లేదా అసలు గుట్టే ఉండదు. కనుక మొదటిసారి అర్థం కాలేదని తీర్పు చెప్పకండి. రెండోసారి ఆడినప్పుడు పాత దృశ్యాలకు బరువు పెరిగిందా, తగ్గిందా అన్నది చూడండి.

చమత్కారాన్ని ధ్వనిగా పొరబడకూడదని కూడా చెప్పాలి. 2008 నాటి డెడ్ స్పేస్‌లో పన్నెండు అధ్యాయాల పేర్ల మొదటి అక్షరాలను ఇంగ్లీషులో వరుసగా కూర్చితే, కథానాయకుడు వెతుకుతున్న నికోల్ చనిపోయిందని బయటపడుతుంది. ముచ్చటగానే ఉంటుంది. కాని అది అక్షరాలను చిత్రాలుగా పేర్చే బంధకవిత్వంలోని కౌశలం వంటిది, గుండెకు తగలదు.

ముగింపు ముందే తెలిసిపోతే ఆడి లాభమేమిటి?

ఒగ్గుకథ వినేవారిలో ఎల్లమ్మ కథ తెలియనివారు ఎందరు? అయినా తెల్లవార్లూ కూర్చుంటారు.

గేమ్‌లో దొరికే కాగితాలు, డైరీలు చదవకపోతే కథ తప్పిపోతుందా? అట్లా రాసి పడేయడం బద్ధకపు పద్ధతి కాదా?

చాలా గేమ్‌లలో బద్ధకమే. శత్రువు ప్రణాళిక అంతా ఒక ఉత్తరంలో రాసి బల్లమీద పెట్టడం కథనం అనిపించుకోదు. అయితే మొదటి రెసిడెంట్ ఈవిల్‌లో జంతువుల కాపలాదారు డైరీ ఒకటి దొరుకుతుంది. పేకాట, తిట్లు, పని గొడవలతో మొదలై, దురద గురించి ఫిర్యాదులుగా మారి, చివరి రోజులకు వాక్యాలు కుంగి రెండు మూడు మాటలకు దిగిపోతాయి. మనిషి జాంబీగా మారడాన్ని అందులో ఎవరూ వర్ణించలేదు. భాషే కుళ్లిపోవడాన్ని చూపారు. కాగితంలో ఉన్న సమాచారం కాగితం లేకుండా చెప్పగలిగినదైతే ఆ కాగితం దండగ. రాసినవాడి చేయి వణకడం, మాట తడబడడం కూడా కథలో భాగమైతే అది ఉండవలసిందే.

సిరీస్‌ను మొత్తంగా తూచాలా, ఒక్కొక్కదాన్ని విడిగా తూచాలా?

ముందు విడిగా తూచి, తరువాత ఒక్క ప్రశ్న అడగాలి: కొత్త భాగం పాత భాగాల భయాన్ని పెంచిందా, అరగదీసిందా?

సైలెంట్ హిల్ మొదటి నాలుగు భాగాలు 1999 నుంచి 2004 వరకు జపాన్‌లో, టీమ్ సైలెంట్ అని పేరు పడిన బృందం చేతిలో తయారయ్యాయి. రెండో భాగం మొదటిదాని పాత్రలను వదిలి ఊరిని మాత్రమే తీసుకుంది, తెగించి చేసిన పని అది. 2003 నాటి మూడో భాగం మొదటి కథకు తిరిగి వచ్చి, దాని చివర హ్యారీ చేతికి వచ్చిన పసిపిల్ల ఇప్పుడు హెదర్ అనే పదిహేడేళ్ల యువతిగా ఎదిగితే ఏమవుతుందో చెప్పింది. మొదటి భాగంలో మనం చేతులతో నడిపించి కాపాడిన హ్యారీని ఆమె ఇంటికి వచ్చేసరికి కుర్చీలోనే శవంగా చూపించింది. కొనసాగింపు అనే పనికి అంతకంటే న్యాయమైన ఉపయోగం ఉండదు: మన పాత శ్రమే ఇప్పుడు మన దుఃఖమయింది. ఆ భాగంలోనే విన్సెంట్ అనే పాత్ర హెదర్‌తో, నీకు అవి రాక్షసుల్లా కనిపించాయా అని అడిగి, ఆమె ముఖం చూసి, హాస్యానికి అన్నానని తప్పుకుంటాడు. ఆ ఒక్క మాట అంతవరకు మనం చంపినవన్నింటినీ మళ్లీ లెక్కపెట్టుకునేలా చేస్తుంది.

తరువాతి భాగాలు అమెరికా, బ్రిటన్, చెక్ రిపబ్లిక్ స్టూడియోల చేతుల్లోకి వెళ్లాయి. 2007 నాటి ఆరిజిన్స్ మొదటి కథకు ముందు జరిగిన కథ చెప్పడానికి పూనుకుని, చెప్పకుండా వదిలినందువల్లే బతికిన సంగతులకు వివరణలు పూరించింది. 2008 నాటి హోమ్‌కమింగ్ ఇంకా పెద్ద పొరపాటు చేసింది; పిరమిడ్ హెడ్‌ను తీసుకువచ్చి, జేమ్స్‌తో ఏ సంబంధమూ లేని అలెక్స్ షెపర్డ్ కథలో నిలబెట్టింది. అతడు జేమ్స్ పాపం నుంచి పుట్టినవాడు, ఆ పాపం లేని చోట అతనికి పని లేదు. పొగమంచు, సైరను మోత, తుప్పు గోడలు, రేడియో గరగర అన్నీ విభావాలు, అంటే భావాన్ని రేపే సరంజామా. విభావాలను మూటగట్టి మోసుకెళ్లినంత మాత్రాన స్థాయిభావం వెంట రాదు. మా ప్రాంతంలో చిందు యక్షగానం ఆడేవారి కిరీటం తెచ్చి తలకు పెట్టుకున్నవాడల్లా వేషధారి కాలేడు.

అన్యదేశపు బృందాలు కనుక చెడగొట్టాయని మాత్రం అనకూడదు. ఆరిజిన్స్ చేసిన బ్రిటన్ స్టూడియోయే 2009లో షాటర్డ్ మెమరీస్ చేసింది. అందులో ఆయుధాలు లేవు, పరుగు మాత్రమే ఉంటుంది. మధ్యమధ్య మానసిక వైద్యుడు మనల్ని ప్రశ్నలు అడిగి, సమాధానాలను బట్టి పాత్రల రూపాన్నీ పరిసరాలనూ మారుస్తాడు. హ్యారీ ఏనాడో కారు ప్రమాదంలో పోయాడనీ, వైద్యుని ముందు ఇంతసేపూ కూర్చున్నది తండ్రిని వదులుకోలేని షెరిలేననీ చివరికి తెలుస్తుంది. మొదటి గేమ్ పేర్లనే వాడుకుంటూ పూర్తిగా వేరే కథ చెప్పిన ఈ భాగం, నా దృష్టిలో ఆ దశాబ్దపు ద్వితీయార్ధంలో సిరీస్ పరువు నిలిపింది. మా గదిలో సగం మంది దీనికి ఒప్పుకోరు. పరుగు తీసే ఘట్టాలు విసుగని వారి వాదన. అందులో నిజం లేకపోలేదు.

ముగింపులు నాలుగైదు ఉంటే అసలు కథ ఏది?

అన్నీ అసలువే కావచ్చు, ముగింపు మనిషి భవిష్యత్తును మార్చుతున్నంతవరకు. సైలెంట్ హిల్ 2లో జేమ్స్ ఇప్పుడు ఏమవుతాడన్నది మారుతుంది, మేరీకి అతడు చేసినది మారదు. ఈ సిరీస్‌లోనే 2012 నాటి డౌన్‌పోర్‌లో మర్ఫీ అనే ఖైదీ గతంలో హత్య చేశాడా లేదా అన్నదే మన ప్రవర్తనను బట్టి మారిపోతుంది. దారిలో దయ చూపితే అతడు నిరపరాధి, కఠినంగా ఆడితే కన్నకొడుకునే చంపినవాడు. ఇవాళ నేను ఒకరికి అన్నం పెడితే నిన్న నేను చేసిన నేరం చెరిగిపోతుందనే లెక్క నాకు ఏ రకంగానూ కుదరలేదు. ఈ వ్యవహారమంతటినీ ఒక కుక్క తెరవెనుక నుంచి నడిపించిందని చూపే హాస్యపు ముగింపు కూడా సైలెంట్ హిల్ 2లో ఉంది. దాన్ని కథనం లెక్కలో వేయకండి, నవ్వుకుని వదిలేయండి.

మొదటి తరం గేమ్‌లలో మాటలు అంత కృతకంగా ఉంటాయి కదా?

ఉంటాయి. 1996 నాటి రెసిడెంట్ ఈవిల్‌లోని ఇంగ్లీషు సంభాషణ నటన కథకు నష్టమే చేసింది. సైలెంట్ హిల్ 2లో మాత్రం పాత్రలు ఒకరు అడిగినదానికి మరొకరు నిద్రలో జవాబిచ్చినట్టు మాట్లాడతారు, అది అక్కడి మనుషుల స్థితికి అతికింది. కావాలని చేశారా, కుదిరిపోయిందా అన్నది తూచేవారికి అనవసరం.

శబ్దాన్ని కథనంలో భాగంగా లెక్కించాలా?

తప్పకుండా. డోలు మోగుతున్నంతసేపూ వినేవారు హాయిగానే ఉంటారు; ఒగ్గు పూజారి చేయి ఎత్తి డోలును ఆపించిన చోట పిల్లలు అమ్మల కొంగు పట్టుకుంటారు. సైలెంట్ హిల్ సంగీతకారుడు అకిరా యమవోకాకు ఈ రహస్యం తెలుసు. జేబులోని రేడియో గరగరలాడితే దగ్గర్లో ఏదో ఉందని మొదటి భాగం నేర్పింది. నేర్చుకున్న తరువాత, రేడియో ఊరకున్నప్పుడు కూడా మనం చెవి రిక్కిస్తూనే ఉంటాం. పొగమంచు సంగతీ ఇటువంటిదే. తొలి ప్లేస్టేషన్ దూరపు దృశ్యాలను గీయలేదు కనుక ఆ లోటును మంచుతో, చీకటితో కప్పారు. లోటును కప్పిన గుడ్డే ఆ ఊరి ముఖమయింది. డిసెంబరు తెల్లవారుజామున ఉదయ సముద్రం కట్టమీద నడిచేవారికి, పది అడుగుల అవతలి మనిషి ముందు దగ్గుగా, ఆ తరువాతే ఆకారంగా రావడం అనుభవమే.

గేమ్‌లు తెలుగులో లేవు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేవారు కథ మీద తీర్పు చెప్పవచ్చా?

చెప్పవచ్చు, ఒక షరతు మీద. మాటల్లో ఉన్న కథ మీద తొందరపడకూడదు. చోటులో, శబ్దంలో, చేతిపనిలో ఉన్న కథ మీద మీ తీర్పు ఎవరి తీర్పుకూ తీసిపోదు. పైగా సైలెంట్ హిల్ మూలం జపనీయుల ఆలోచన, అమెరికా ఊరి వేషం, ఇంగ్లీషు మాట. ఆ మాటలు మొదటినుంచే కొంత పరాయివి. మా గదిలో ఒక అలవాటు పెట్టుకున్నాం: కథకు కీలకమైన కాగితం దొరికినప్పుడు ఆట ఆపి, ఎవరో ఒకరు దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. మేరీ ఆఖరి ఉత్తరాన్ని తెలుగు చేసిన రోజు చదివినవాడి గొంతు మధ్యలో ఆగిపోయింది. తరువాతి పేరా పక్కవాడు చదివాడు.

యూట్యూబ్‌లో వేరొకరు ఆడగా చూసి తీర్పు చెప్పడం సరైనదేనా?

సంఘటనల క్రమం తెలుస్తుంది, సంభాషణ తెలుస్తుంది. తెలియనిది జంకు. 2014లో విడుదలై 2015లో ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తొలగిపోయిన పి.టి. అనే చిన్న ఆటలో దాదాపు ఉన్నదంతా మలుపు తిరిగే ఒక నడవ. చివరి తలుపు తీస్తే మళ్లీ అదే నడవ మొదటికి వస్తాం. చూసేవారికి అది ఒకే దృశ్యం పది సార్లు. ఆడేవారికి, ఈసారి ఆ మలుపు తిరగాలా వద్దా అని బొటనవేలు తటపటాయించడమే కథ. చూసి అభిప్రాయం చెప్పేవారు, చూసి చెబుతున్నానని ఒక మాట కలిపితే సరిపోతుంది.

రీమేక్ చూస్తే చాలా, పాతది కూడా ఆడాలా?

2024లో బ్లూబర్ టీమ్ చేసిన సైలెంట్ హిల్ 2 రీమేక్ గురించి నేను భయపడినంత చెడు జరగలేదు. నటన మెరుగైంది, ముఖాల్లో ఇప్పుడు సన్నని భావాలు కూడా కనిపిస్తున్నాయి. కాని కెమెరా జేమ్స్ భుజం వెనకకు వచ్చింది. పాతదానిలో కెమెరా చాలాచోట్ల ఏ పైకప్పు మూలనుంచో, దూరపు పొదల్లోంచో అతణ్ణి చూస్తుండేది, ఎవరో గమనిస్తున్నట్టు. కొత్తదానిలో మనం జేమ్స్‌తో కలిసి చూస్తాం. ఆట నిడివి పెరిగింది, పోరాటాలు పెరిగాయి; పాతదానిలో చేతకాక కర్ర తిప్పే గుమాస్తాలా కనిపించిన మనిషి, కొత్తదానిలో పది గంటలు గడిచేసరికి ఆరితేరినవాడవుతాడు. రెండూ ఆడడం మంచిది. ఒకదానికే తీరిక ఉంటే పాతదాన్ని ఆడమంటాను.

మన దయ్యాల కథలతో పెరిగినవారికి ఈ పరాయి భయాలు పడతాయా?

కొన్ని పడవు. క్రైస్తవ దేశాల తరహా రహస్య మతశాఖలు, క్రతువులు మా గదిలో ఎవరినీ కదిలించలేదు. మా నాయనమ్మ చెప్పిన కొరివి దయ్యం, పొలం గట్టుమీద దీపంలా కదులుతూ, పేరు పెట్టి పిలిస్తే పలకవద్దని హెచ్చరించిన ఆ వెలుగు, నాకు ఇప్పటికీ వాటికంటే దగ్గరిది. కాని ఆ క్రతువు కింద ఉన్నది ఊరివాళ్లూ కన్నతల్లీ కలిసి ఒక పిల్లను కాల్చడం అని గుర్తిస్తే లెక్క మారుతుంది. బాణామతి చేసిందనే అనుమానంతో మనిషిని కొట్టిన, చంపిన ఘటనలు మన తెలంగాణ పల్లెల్లో నిజంగా జరిగాయి. అక్కడ భయపడవలసింది చేతబడికి కాదు, గుమిగూడినవారికి.

2025 సెప్టెంబరులో వచ్చిన సైలెంట్ హిల్ ఎఫ్ ఈ విషయంలో మాకు అన్నింటికంటే దగ్గరగా వచ్చింది. ర్యూకిషి07 అనే రచయిత రాసిన ఈ కథ అమెరికాను వదిలి 1960ల నాటి జపాన్‌లోని ఎబిసుగవోకా అనే ఊరికి వెళ్లింది. హినాకో అనే బడిపిల్ల. తాగి అరిచే తండ్రి, నోరెత్తని తల్లి, ఆమె మీద నిర్ణయమైపోయిన పెళ్లి. వికృతరూపాల మీద మొలిచే ఎర్రపూల కంటే, పెళ్లి అనే మాట ఇంట్లో వినబడినప్పుడు ఆ పిల్ల బిగుసుకుపోవడం మా గదిలోని ఇద్దరు అమ్మాయిలను ఎక్కువ కలవరపెట్టింది. మొదటిసారి ఎట్లా ఆడినా ఒకే ముగింపు వస్తుంది, మళ్లీ ఆడితేనే మిగతా దారులు తెరుచుకుంటాయి. దాన్ని కొందరు నిడివి పెంచే ఎత్తు అన్నారు. తనకు వేరే దారి ఉందని ఒక ఆడపిల్లకు మొదటి ప్రయత్నంలో తెలియకపోవడం ఎత్తుగడ ఎట్లా అవుతుందని ఆ ఇద్దరిలో ఒకరు అడిగారు. ఆ పూట వాదన అక్కడే ఆగింది.

పదికి ఎన్ని మార్కులు వేయాలి?

నేను వేయను. ఏడాది పొడవునా జవాబు పత్రాలకు వేస్తూనే ఉంటాను.

కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరు ఆడకూడదు?

సైలెంట్ హిల్ 2తో మొదలుపెట్టండి. దానికి ముందు కథ తెలియనక్కరలేదు. అది పట్టుకుంటే మొదటిదీ మూడోదీ వరుసగా ఆడండి, వాటిని విడదీస్తే మూడోది సగమవుతుంది. నాలుగోది కంప్యూటరు మీద ఆడుకోవడానికి దొరుకుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, సెల్‌ఫోన్ అవతల గదిలో ఉంచండి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఈ సిరీస్ వద్దు. మా గదిలోకి వారిని రానివ్వము. సైలెంట్ హిల్ 2లో ఏంజెలా కథ కన్నతండ్రి చేతిలో లైంగిక హింసకు గురైన అమ్మాయిది. మంటలు లేచిన మెట్లమీద ఆమె జేమ్స్‌తో మాట్లాడే ఘట్టానికి ముందు, ఆ సంగతి ఎవరికైనా సొంత జీవితపు గాయాన్ని రేపుతుందేమోనని అందరినీ అడిగి, లేచి బయటికి వెళ్లదలచినవారు వెళ్లేదాకా మేము ఆట ఆపి ఉంచుతాం.